గోరంత సిమెంట్, పావు మిల్లీమీటర్ ఎత్తు: టెంపరరీ క్రౌన్ అతికించడంపై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. హౌస్ సర్జన్లు, ఈమధ్యే క్లినిక్ పెట్టుకున్నవాళ్ళు ఎక్కువమంది కనిపిస్తున్నారు. కాబట్టి సిద్ధాంతం తగ్గించి, కుర్చీ పక్కన చేతులతో చేసే పని గురించే మాట్లాడతాను. మధ్యలో సందేహం వస్తే రాసిపెట్టుకోండి, చివర్లో తీసుకుందాం.

టెంపరరీ క్రౌన్, అంటే అసలు క్రౌన్ ల్యాబ్ నుంచి వచ్చేదాకా గీకిన పన్ను మీద పెట్టే తొడుగు. పేషెంట్లు దీన్ని తాత్కాలిక క్యాపు అంటారు. తాత్కాలికం అనే మాట వినగానే మన చేయి కూడా కొంచెం వదులవుతుంది. వారం పది రోజులు ఉండేదానికి ఇంత శ్రమా అనిపిస్తుంది. కానీ ల్యాబ్ చేసే అసలు క్రౌన్ మీరు అచ్చు తీసిన రోజు నోరు ఎలా ఉందో అలాగే తయారవుతుంది. ఆ తర్వాత గడిచే పది రోజుల్లో పక్క పళ్ళు ఒరగకుండా, ఎదుటి పన్ను దిగిపోకుండా, చిగురు ఫినిష్ లైన్ (పన్ను గీకినది ఆగే అంచు) మీదికి పాకకుండా ఆపేది ఈ టెంపరరీ ఒక్కటే. ఇది సరిగ్గా కూర్చోకపోతే ల్యాబ్ ఎంత బాగా చేసి పంపినా ఆ క్రౌన్ ఆ నోటికి సరిపోదు. అప్పుడు క్రౌన్ గీకుతూ ముప్పావుగంట గడుపుతాం, తప్పు ల్యాబ్ మీద వేస్తాం.

ఇవాళ నేను నొక్కి చెప్పదలుచుకున్నది ఇదీ: సిమెంట్ లేకుండా నిలవని టెంపరరీ, సిమెంట్ పెట్టినా నిలవదు. సిమెంట్ ఉన్నది ఖాళీలు నింపడానికని చాలామంది అనుకుంటారు. లోపల ఖాళీ ఎక్కువగా ఉందనిపిస్తే ఇంకాస్త సిమెంట్ వేస్తారు. సగం ఇబ్బందులు అక్కడే మొదలవుతాయి.

ఒక లెక్క చూద్దాం. మీ ప్రెప్, అంటే గీకి సిద్ధం చేసిన పన్ను గోడలు రెండు వైపులా 6 డిగ్రీల చొప్పున, మొత్తం 12 డిగ్రీలు, పైకి పోతూ సన్నబడుతున్నాయి అనుకోండి. నోట్లోనే నేరుగా చేసిన టెంపరరీ లోపలి గోడ ఆ ప్రెప్‌ని అచ్చంగా అంటిపెట్టుకుని ఉంటుంది. పైగా అక్రిలిక్ గట్టిపడేటప్పుడు కుంచించుకుపోయి ఇంకా బిగుస్తుంది. ల్యాబ్‌లో అయితే డై, అంటే పన్ను నమూనా మీద స్పేసర్ అనే పలచని పూత పూస్తారు కాబట్టి సిమెంట్‌కి చోటు ముందే ఉంటుంది. టెంపరరీకి మనం స్పేసర్ పూయం. ఇప్పుడు రెండు గోడల మధ్య 25 మైక్రాన్ల సిమెంట్ పొర పట్టాలంటే క్రౌన్ పైకి లేవక తప్పదు. ఎంత లేస్తుంది? 25ని 6 డిగ్రీల సైన్ విలువతో, అంటే 0.1045తో భాగించండి. సుమారు 240 మైక్రాన్లు వస్తుంది. దాదాపు పావు మిల్లీమీటర్.

25 మైక్రాన్లంటే మంచి సిమెంట్ పొర మందమే. అంటే మీరు ఏ పొరపాటూ చేయకపోయినా, లోపల చోటు లేకపోతే క్రౌన్ పావు మిల్లీమీటర్ ఎత్తులో ఆగుతుంది. కొరుకులో 20, 30 మైక్రాన్ల తేడా వచ్చినా పేషెంట్‌కి తెలిసిపోతుంది. ఇక మార్జిన్, అంటే పన్నుని కలిసే క్రౌన్ అంచు సంగతి చూస్తే, క్రౌన్ మార్జిన్ దగ్గర ఖాళీ 120 మైక్రాన్లు దాటకూడదని 1971లో మెక్లీన్, వాన్ ఫ్రాన్‌హోఫర్ చెప్పిన మాటే ఇప్పటికీ అందరం పట్టుకునే హద్దు. అది అసలు క్రౌన్ల గురించి చెప్పిందే అయినా, మన టెంపరరీ దానికి రెట్టింపు తెరుచుకుని ఉందంటే ఆ సందులో లాలాజలం ఎంత సులువుగా తిరుగుతుందో ఊహించండి. ట్రయల్‌లో చక్కగా కూర్చున్న క్రౌన్, సిమెంట్ పెట్టాక మాత్రం ఎందుకు ఎత్తు వచ్చిందో చాలామందికి అర్థం కాదు. కారణం ఇదే.

దీనికి మందు సులువైనదే. టెంపరరీ గట్టిపడ్డాక లోపలి గోడల్నీ, లోపలి పైకప్పునీ చిన్న రౌండ్ బర్‌తో పలచగా ఒకసారి తిప్పి గీకండి. మార్జిన్ పక్కన 1 మిల్లీమీటర్ వెడల్పు పట్టీని మాత్రం అస్సలు ముట్టుకోవద్దు. ఆ పట్టీయే క్రౌన్‌ని సరైన చోట కూర్చోబెట్టేది, లాలాజలం లోపలికి పోకుండా ఆపేది. పైభాగంలో గీకిన చోట సిమెంట్‌కి గది దొరుకుతుంది. ఎంత గీకాలో అనుమానంగా ఉంటే లైట్ బాడీ సిలికాన్ ఒక చుక్క లోపల వేసి క్రౌన్‌ని ప్రెప్ మీద నొక్కి పట్టండి. గట్టిపడ్డాక తీసి చూడండి. సిలికాన్ పొర చిరిగిపోయి క్రౌన్ రంగు బయటికి కనిపించే చోట్లే పన్నుకి తగులుతున్న చోట్లు. పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుని అక్కడే గీకండి. రెండోసారి వేసినప్పుడు పొర అంతటా సమానంగా, పలచగా వస్తుంది. సిలికాన్ ముక్క ఒక్కటి కూడా లోపల మిగలకుండా ఊడదీసి, లోపలి భాగాన్ని స్పిరిట్ దూదితో తుడవండి.

ఇక వెనక్కి వెళ్ళి, టెంపరరీ తయారీలో సిమెంటింగ్‌కి సంబంధించిన రెండు మూడు మాటలు. మన దగ్గర ఎక్కువ క్లినిక్‌లలో రెండు రకాల మెటీరియల్ నడుస్తుంది. ఒకటి పౌడర్, లిక్విడ్ కలిపి చేసే సెల్ఫ్ క్యూర్ అక్రిలిక్; డీపీఐ వాళ్ళ టూత్ మౌల్డింగ్ పౌడర్ అందరికీ తెలిసిందే. రెండోది కార్ట్రిడ్జ్‌లో వచ్చే బిస్-అక్రిల్, ప్రోటెంప్, లక్సాటెంప్ లాంటివి. అక్రిలిక్ చవక, గట్టిది, రీలైన్, అంటే కొత్త మెటీరియల్ చేర్చి సరిచేయడం తేలిక. కానీ కుంచించుకుపోవడం ఘనపరిమాణంలో 6, 7 శాతం దాకా ఉంటుంది, వేడి కూడా ఎక్కువ. బిస్-అక్రిల్ అంత కుంచించుకోదు, వేడి తక్కువ. అయితే ఖరీదు, పెళుసు.

వేడి సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 1965లో జాక్, కోహెన్ కోతుల పళ్ళ మీద చేసిన పరిశోధనలో పల్ప్ (పన్ను లోపల నరం ఉండే మెత్తటి భాగం) ఉష్ణోగ్రత 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగిన పళ్ళలో 15 శాతం కోలుకోలేదు. అందుకే బతికున్న పన్ను మీద అక్రిలిక్‌ని పూర్తిగా గట్టిపడేదాకా ఉంచకూడదు. రబ్బరులా సాగే దశలో ఒకసారి పైకి లేపి మళ్ళీ కూర్చోబెట్టాలి, నీళ్ళు చిమ్ముతూ రెండు మూడుసార్లు అలా చేయాలి. దీనివల్ల వేడి తగ్గుతుంది, అండర్‌కట్‌లో, అంటే పన్ను లోపలికి వంగిన చోట ఇరుక్కుపోదు, కుంచించుకున్నా మరీ బిగిసిపోదు. తర్వాత బయటికి తీసి గోరువెచ్చని నీళ్ళలో వేసి అక్కడే గట్టిపడనివ్వండి. పన్ను మీద కాంపోజిట్ కోర్ (పోయిన భాగాన్ని రెసిన్‌తో కట్టినది) ఉన్నా, ఎనామెల్ కింద ఉండే డెంటిన్‌ని అప్పటికే బాండింగ్‌తో సీల్ చేసి ఉన్నా, ముందుగా వ్యాజలీన్ పలచగా పూయడం మరిచిపోకండి. రెసిన్‌కి రెసిన్ అతుక్కుంటుంది. అప్పుడు టెంపరరీని కోసి తీయడం తప్ప దారి లేదు.

ట్రిమ్మింగ్‌లో ఎక్కువ నష్టం జరిగేది మార్జిన్ దగ్గరే. క్రౌన్ తీయగానే లోపల ఫినిష్ లైన్ సన్నని గీతలా కనిపిస్తుంది. ఆరబెట్టి, సన్నని పెన్సిల్‌తో ఆ గీత మీద గుర్తు పెట్టండి. డిస్క్‌తో బయటి నుంచి గీత దాకా రండి, గీతని తాకకండి. గీత మీద పెన్సిల్ మచ్చ చివరిదాకా మిగిలి ఉండాలి. అది చెరిగిపోయిందంటే మార్జిన్ పొట్టి అయినట్టే. పొట్టి అయితే సిమెంట్‌తో నింపేద్దామనుకోవద్దు, రీలైన్ చేయండి. అక్రిలిక్ అయితే సన్నని కుంచెని మోనోమర్‌లో ముంచి, పౌడర్‌ని అద్ది, చిన్న పూసలా మార్జిన్ చుట్టూ పెట్టుకుంటూ పోతారు. బిస్-అక్రిల్ అయితే ఫ్లోయబుల్ కాంపోజిట్‌తో సరిపోతుంది. మార్జిన్ బయటికి పొడుచుకొచ్చినా తప్పే. అది చిగురుని నొక్కుతుంది. పది రోజుల తర్వాత చిగురు ఉబ్బి రక్తం కారుతూ ఉంటే, ఆ రోజు అసలు క్రౌన్‌ని ఏ సిమెంట్‌తోనూ పొడిగా అతికించలేరు.

సిమెంట్ కలపడానికి ముందు మూడు పరీక్షలు, ఇదే వరసలో. మొదట కాంటాక్టు, అంటే క్రౌన్ పక్క పన్నుని తాకే చోటు: ఫ్లాస్ కొంచెం గట్టిగా, టక్కుమంటూ దాటాలి. కాంటాక్టు బిగుసుకుంటే క్రౌన్ కిందికి దిగదు. అప్పుడు మార్జిన్ తెరుచుకుని కనిపిస్తుంది, మనమేమో మార్జిన్ పొట్టి అయిందని పొరబడతాం. అందుకే కాంటాక్టు ముందు చూడాలి. తర్వాత మార్జిన్: ఎక్స్‌ప్లోరర్ (సూదిలాంటి పరికరం) మొనని పన్ను మీంచి క్రౌన్ మీదికీ, క్రౌన్ మీంచి పన్ను మీదికీ రెండు దిశల్లో నడపండి. పన్ను నుంచి క్రౌన్ వైపు వెళ్ళేటప్పుడు తట్టుకుంటే క్రౌన్ బయటికి పొడుచుకొచ్చింది. క్రౌన్ నుంచి పన్ను వైపు వచ్చేటప్పుడు తట్టుకుంటే క్రౌన్ లోపలికి ఉంది. రెండు వైపులా మొన సందులో దిగబడితే తెరుచుకుంది. చివరికి కొరుకు.

కొరుకు విషయంలో ఒక అలవాటు చేసుకోండి. పన్ను గీకడం మొదలుపెట్టక ముందే, పక్క పళ్ళకీ వాటి ఎదుటి పళ్ళకీ మధ్య 8 మైక్రాన్ల షిమ్‌స్టాక్ రేకు పెట్టి కొరకమనండి. లాగితే ఏ పళ్ళు వదలకుండా పట్టుకుంటున్నాయో కేస్ షీట్‌లో రాసుకోండి. టెంపరరీ పెట్టిన తర్వాత అవే పళ్ళు అదే రేకుని మళ్ళీ పట్టుకోవాలి. పట్టుకోవడం లేదంటే మీ క్రౌన్ ఎత్తుగా ఉంది. కొరుకు గుర్తులు వేసే ఆర్టిక్యులేటింగ్ పేపర్ మచ్చలు తడి మీద మోసం చేస్తాయి. మత్తు ఇంజెక్షన్‌తో దవడ మొద్దుబారి ఉన్న పేషెంట్ బాగానే ఉంది డాక్టర్‌గారూ అంటారు. పక్క పన్ను మాత్రం ఉన్నదున్నట్టు చెబుతుంది. పడుకోబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి చూడండి. పక్కలకి కదిపించి కూడా చూడండి. టెంపరరీలు ఊడిపోవడానికి నిటారుగా కొరికే బలం కంటే పక్కకి జరిగేటప్పుడు తగిలే ఒక్క చిన్న మచ్చే ఎక్కువసార్లు కారణం.

ఇప్పుడు సిమెంట్ ఎంపిక. యూజినాల్ ఉన్నదా లేనిదా అన్నదే అసలు ప్రశ్న. యూజినాల్ అంటే లవంగ నూనెలో ఉండే ప్రధాన పదార్థమే. పన్ను నొప్పికి లవంగం పెట్టుకోవడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే కదా, ఆ ఉపశమనం ఈ సిమెంట్‌లోనూ ఉంది. లోతుగా గీకిన, జివ్వుమంటున్న పన్నుకి జింక్ ఆక్సైడ్ యూజినాల్ మంచిదే. కానీ యూజినాల్ అణువులోని ఫినాల్ భాగం రెసిన్ గట్టిపడటానికి కావాల్సిన ఫ్రీ రాడికల్స్‌ని పట్టేసుకుంటుంది. కాబట్టి అసలు క్రౌన్‌ని రెసిన్ సిమెంట్‌తో బాండ్ చేయబోతుంటే, ఉదాహరణకి లిథియం డైసిలికేట్ అనే పింగాణీ అయితే, టెంపరరీకి యూజినాల్ లేని సిమెంటే వాడండి. కాంపోజిట్ కోర్ ఉన్నా అంతే. యూజినాల్ తగిలిన టెంపరరీ లోపలి భాగం కూడా మెత్తబడుతుంది, తర్వాత రీలైన్ చేయాలంటే కొత్త మెటీరియల్ సరిగ్గా అతుక్కోదు. అసలు క్రౌన్ మెటల్ సెరామిక్ (లోహం మీద పింగాణీ) అయి, గ్లాస్ అయానమర్ సిమెంట్‌తో పెట్టబోతుంటే మాత్రం యూజినాల్‌కి భయపడనక్కర్లేదు.

పాలీకార్బాక్సిలేట్ సిమెంట్ ఇంకొంచెం బలమైనది. ప్రెప్ పొట్టిగా ఉన్నచోట, అంటే మోలార్‌లో గోడ ఎత్తు 4 మిల్లీమీటర్లు కూడా లేనప్పుడు, అది పనికొస్తుంది. దీనికి వెల ఏమిటంటే తీసేటప్పుడు పన్నుకి అతుక్కుని ఉంటుంది, ఓపిగ్గా శుభ్రం చేయాలి. దీనికి ఎదురు సమస్య కూడా ఉంది: ప్రెప్ పొడవుగా, గోడలు దాదాపు నిటారుగా ఉంటే మామూలు టెంపరరీ సిమెంట్ కూడా గట్టిగా పట్టేస్తుంది. అలాంటప్పుడు కలిపిన సిమెంట్‌లో అగ్గిపుల్ల తలంత వ్యాజలీన్ కలిపితే పట్టు తగ్గుతుంది.

కలపడం గురించి. రెండు ట్యూబుల్లో వచ్చే టెంప్-బాండ్ లాంటిదైతే ప్యాడ్ మీద రెండు తీగలూ ఒకే పొడవు ఉండాలి. ఒక మోలార్‌కి ఒక్కో ట్యూబ్ నుంచి 5 మిల్లీమీటర్లు చాలు. 30 సెకన్లు, రంగు తేడా చారలేవీ కనిపించకుండా, ప్యాడ్ మీద పలచగా పరిచి కలపండి. ట్యూబ్ మూతలు మార్చి పెట్టొద్దు. మూతి దగ్గర గట్టిపడిన సిమెంట్ ముక్క మిశ్రమంలోకి వచ్చి చేరితే ఆ ఒక్క పలుకు మీదే క్రౌన్ ఆగిపోతుంది. జింక్ ఆక్సైడ్ యూజినాల్ తేమకీ వేడికీ తొందరగా గట్టిపడుతుంది. మే నెలలో విజయవాడలో, ఏసీ లేని గదిలో, మీరు శీతాకాలంలో అలవాటు పడిన సమయం దొరకదు. ఆ రోజుల్లో చల్లని గాజు పలక మీద కలపండి. పన్ను ఆరబెట్టి, కాటన్ రోల్స్ సర్దిన తర్వాతే ట్యూబ్ మూత తీయండి.

పన్నుని ముందే ప్యూమిస్ (రుద్దే రాతిపొడి) ముద్దతో రుద్ది కడగాలి. వ్యాజలీన్, రక్తం, రక్తం ఆపే హీమోస్టాటిక్ ద్రవం పొర ఏదీ మిగలకూడదు. ఆరబెట్టేటప్పుడు గాలి ఆపకుండా కొట్టి డెంటిన్‌ని ఎండగొట్టొద్దు. దూదితో అద్ది, చిన్న ఊపు గాలి చాలు. క్రౌన్ బయటి వైపు, పక్క పళ్ళ మీద వ్యాజలీన్ పలచగా రాయండి. అప్పుడు మిగులు సిమెంట్ పెచ్చుల్లా ఊడి వస్తుంది. కానీ ఆ వేలితో క్రౌన్ లోపల పొరపాటున కూడా ముట్టుకోకండి.

ఇప్పుడు ఈ ప్రసంగానికి పేరు పెట్టిన ఆ గోరంత సిమెంట్ దగ్గరికి వద్దాం. క్రౌన్‌ని బోర్లించి చూస్తే గిన్నెలా కనిపిస్తుంది. దాన్ని చూడగానే నింపాలనిపిస్తుంది. సీసా నిండా నూనె పోసి బిరడా నొక్కండి, దిగుతుందా? నూనె బయటికి పోయే దారి లేక బిరడాని వెనక్కి నెడుతుంది. సిమెంట్ నింపిన క్రౌన్‌లో జరిగేదీ అదే. మనం నొక్కుతాం, మార్జిన్ చుట్టూ సిమెంట్ పొంగి వస్తుంది, కూర్చుందని అనుకుంటాం. లోపల పైకప్పు దగ్గర చిక్కుకున్న సిమెంట్‌కి దారి దొరకలేదు.

సరైన పద్ధతి ఇది. ప్లాస్టిక్ ఇన్‌స్ట్రుమెంట్ చివర కొద్దిగా సిమెంట్ తీసుకుని, క్రౌన్ లోపలి గోడకి, మార్జిన్‌కి కాస్త పైన, 1 నుంచి 2 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలా చుట్టూ పూయండి. దోసె పెనం మీద నూనె పూసినంత పలచగా. కప్పు భాగంలో ఏమీ వేయకండి. క్రౌన్ దిగేటప్పుడు గోడలే ఆ సిమెంట్‌ని లోపలికీ, పైకీ తుడుచుకుంటూ తీసుకెళ్తాయి. కూర్చున్నాక మార్జిన్ చుట్టూ సన్నని దారంలా సిమెంట్ తొంగిచూడాలి. దారం ఎక్కడైనా తెగితే అక్కడ చాల్లేదు. ముద్దలుగా పొంగితే ఎక్కువైంది.

వేలితో నొక్కేటప్పుడు నెమ్మదిగా, బుగ్గ వైపుకీ నాలుక వైపుకీ కొద్దిగా ఊపుతూ నొక్కండి. ఊపినప్పుడు సిమెంట్ జరిగి దారి చేసుకుంటుంది. తర్వాత కాటన్ రోల్ పెట్టి కొరకమనండి. ఇక్కడే చాలామంది గడియారం చూసుకుంటూ ఊరుకుంటారు. ఊరుకోకండి. మొదటి 20, 30 సెకన్లలో కాటన్ రోల్ తీసి, ఒకచోట సిమెంట్ తుడిచి, ఎక్స్‌ప్లోరర్ మొనతో మార్జిన్ చూడండి. పక్క పళ్ళ దగ్గర షిమ్‌స్టాక్ మళ్ళీ పెట్టి చూడండి. పట్టుకోకపోతే జాలి పడకుండా క్రౌన్ ఊడదీయండి. మెత్తగా ఉన్న సిమెంట్ తుడవడానికి ఒక నిమిషం పడుతుంది. గట్టిపడ్డాక ఎత్తుగా ఉన్న క్రౌన్ పైభాగాన్ని గీకి సరిచేశామనుకుంటే కొరుకు మాత్రమే దారికొస్తుంది. మార్జిన్ మాత్రం తెరుచుకునే ఉంటుంది.

అంతా సరిగ్గా ఉంటే కాటన్ రోల్ మళ్ళీ పెట్టి కదలకుండా కొరికి ఉంచమనండి. సిమెంట్‌ని బట్టి 4 నుంచి 7 నిమిషాలు. ఆ మధ్యలో తెరిచి మూసి తెరిచి మూసి చేస్తే గట్టిపడుతున్న పొర పగిలిపోతుంది, బయటికి తెలియదు.

మిగులు సిమెంట్ తీయడానికి తొందరపడొద్దు. ఇంకా మెత్తగా ఉండగా తుడిస్తే మార్జిన్ కిందున్న సిమెంట్‌ని కూడా లాగేస్తాం, కొంత చిగురు సందులోకి పూసేస్తాం. ఎక్స్‌ప్లోరర్‌తో తాకితే పెళుసుగా పెచ్చులుగా విరగాలి, అప్పుడు మొదలుపెట్టండి. పళ్ళ సందులకి ఫ్లాస్ మధ్యలో చిన్న ముడి వేయండి. కాంటాక్టు దాటించాక ముడి సిమెంట్‌ని తోసుకుంటూ వెళ్తుంది. తర్వాత పైకి లాగకుండా ఒక చివర వదిలేసి పక్క నుంచి లాగేయండి. పైకి లాగితే క్రౌన్ కూడా దాంతో వస్తుంది. బ్రిడ్జి అయితే సిమెంట్ పెట్టడానికి ముందే పాంటిక్ (లేని పన్ను స్థానంలో ఉండే బ్రిడ్జి పన్ను) కింద, కాంటాక్టుల్లో ఫ్లాస్ ముక్కలు దూర్చి ఉంచండి. గట్టిపడ్డాక దూర్చడం కష్టం. చివర్లో గాలి కొట్టి, చిగురు కాస్త విడిపోయేలా చేసి, చుట్టూ చూడండి. రెండో మోలార్ వెనక వైపు అద్దంతో చూడకుండా పేషెంట్‌ని లేపొద్దు.

ఊడిపోయి తిరిగొచ్చిన టెంపరరీని వెంటనే శుభ్రం చేసి మళ్ళీ అతికించేయకండి. ముందు సిమెంట్ ఎక్కడుందో చూడండి. సిమెంట్ అంతా క్రౌన్‌లో ఉండి పన్ను శుభ్రంగా ఉంటే, అతికించేటప్పుడు పన్ను తడిగానో జిడ్డుగానో ఉంది. సిమెంట్ పన్ను మీదుండి క్రౌన్ లోపల నున్నగా ఉంటే క్రౌన్‌లో వ్యాజలీన్ పడింది, లేదా బిస్-అక్రిల్ మీదుండే జిగట పొరని స్పిరిట్‌తో తుడవలేదు. సిమెంట్ చీలి రెండు వైపులా ఉంటే సిమెంట్ తన పని తాను చేసింది, బలమే ఎక్కువ పడింది. కొరుకు చూడండి, ప్రెప్ ఎత్తు చూడండి. ఒక మూల సిమెంట్ కరిగిపోయి, వాసన వస్తూ ఉంటే ఆ మూల మార్జిన్ తెరుచుకుని ఉంది. ఈ పరిశీలనకి అర నిమిషం చాలు. ఇది చేయకుండా అతికిస్తే అదే పేషెంట్ మూడో రోజు మళ్ళీ వస్తారు.

చల్లనీళ్ళకి జివ్వుమంటోందని వస్తే మార్జిన్, కొరికితే నొప్పి అని వస్తే ఎత్తు. ఈ రెండూ చూడకుండా పల్ప్ పోయిందని నిర్ణయానికి రావొద్దు.

పేషెంట్‌కి చెప్పేటప్పుడు మెత్తటి ఆహారం తినండి అనేస్తే సరిపోదు. పేర్లు చెప్పండి. పల్లీ పట్టి, నువ్వుల జీడి, చూయింగ్ గమ్, టాఫీ వద్దు. చెరుకు, జంతికలు, మొక్కజొన్న పొత్తు, మాంసంలో బొమికలు ఆ వైపు కొరకొద్దు. వక్కపొడి నమలొద్దు. బ్రష్ మాత్రం మానొద్దు. క్యాపు కదులుతుందని భయపడి ఆ వైపు తోమడం మానేసేవాళ్ళు చాలామంది, దాంతో చిగురు వాస్తుంది. ఊడితే పారేయకుండా చిన్న డబ్బాలో వేసుకుని మర్నాడే రమ్మనండి. ఇంట్లో ఉండే జిగురుతో అతికించుకోవద్దని తప్పకుండా చెప్పండి. అలా చేసేవాళ్ళు ఉన్నారు, అది పన్నునీ చిగురునీ కాలుస్తుంది. మింగేస్తే సాధారణంగా విరేచనంలో పోతుంది. దగ్గు ఆగకపోయినా, ఊపిరాడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళమనాలి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

ప్రశ్న: యూజినాల్ సిమెంట్ వాడేశాం. తర్వాత ప్లాన్ మారి రెసిన్ సిమెంట్‌తో బాండ్ చేయాల్సి వచ్చింది. ఏం చేయాలి?

ముందు ఎక్స్‌కవేటర్‌తో కనిపించే సిమెంట్ అంతా తీసి, ప్యూమిస్‌తో బాగా రుద్దండి. సదుపాయం ఉంటే అల్యూమినా పొడితో ఎయిర్ అబ్రేషన్ ఇంకా మంచిది. బాండింగ్‌కి ఫాస్ఫారిక్ యాసిడ్‌తో ఎచ్ చేసి కడిగే పద్ధతి ఎంచుకోండి. యూజినాల్ కలిసిన స్మియర్ పొర, అంటే గీకినప్పుడు పన్ను మీద మిగిలే పొడి పూత, కడుగులో కొట్టుకుపోతుంది. సెల్ఫ్ ఎచ్‌లో కడగడం ఉండదు కాబట్టి ఆ పొర అక్కడే మిగులుతుంది.

ప్రశ్న: ల్యాబ్ నుంచి వచ్చిన అసలు క్రౌన్‌ని కొన్నాళ్ళు టెంపరరీ సిమెంట్‌తో పెట్టి చూడొచ్చా?

మెటల్ సెరామిక్ అయితే కొద్ది రోజులు ఫర్వాలేదు. లిథియం డైసిలికేట్ అయితే పెట్టొద్దు. బాండింగ్ చేస్తేనే దాని బలం పూర్తిగా అందుతుంది. కింద మెత్తని సిమెంట్ ఉంటే కొరికినప్పుడు చిట్లుతుంది. పైగా తీసేటప్పుడు మార్జిన్ విరిగే ప్రమాదం ఉంది.

ప్రశ్న: అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చేవాళ్ళు చాలామంది. క్రౌన్ టైముకి రాక, టెంపరరీతోనే వెళ్ళిపోతామంటారు.

ముందు రోజులు లెక్కపెట్టండి. రూట్ కెనాల్‌కి ఎన్ని, అచ్చుకి ఎన్ని, ల్యాబ్‌కి ఎన్ని, చివర్లో ఒకసారి సరిచూసుకోవడానికి కనీసం రెండు. సరిపోకపోతే పన్ను గీకకుండా గట్టి ఫిల్లింగ్ పెట్టి పంపడమే మేలు. ఇప్పటికే గీకేసి ఉంటే, టెంపరరీ సిమెంట్ నెలల తరబడి ఆగదు. కరిగిపోతుంది, లోపల పన్ను పుచ్చిపోతున్నా క్యాపు మాత్రం పైకి బాగానే కనిపిస్తుంది. అలాంటప్పుడు టెంపరరీని మందంగా, నమిలే వైపు కనీసం 1.5 మిల్లీమీటర్లు ఉండేలా మళ్ళీ చేసి, పాలీకార్బాక్సిలేట్‌తో అతికించండి. ఏ పన్ను, ఏ తేదీన, ఏ సిమెంట్, లోపల కోర్ ఏమిటి అన్నది కాగితం మీద రాసి ఇవ్వండి. అక్కడి డాక్టర్ దాన్ని తీయాల్సి వచ్చినప్పుడు ఆ నాలుగు వివరాలూ అవసరమవుతాయి.